ఎత్తు పెట్టాల్నా, చదునుగనే ఉరకాల్నా? (ఒంటి ముచ్చట్లు – 9)

పోయిన ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఒక చెల్లె మెసేజ్ పెట్టింది.

"జై భీమ్ అక్కా. పండుకున్నవా? ఒక డౌట్. ట్రెడ్‌మిల్ మీద ఎత్తు పెట్టి ఉరకాల్నా, చదునుగనే ఉరకాల్నా? ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కొక్క తీరు చెప్తున్నరు. నాకైతే పిక్క గుంజుతుంది."

ఈ చెల్లె సూర్యాపేట దిక్కు పిల్ల. డిగ్రీ హాస్టల్లో ఉన్నప్పుడు మా స్టడీ సర్కిల్‌కు వచ్చేది. వెనక బెంచీలో కూర్చుని అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేది. కానిస్టేబుల్ కావాలన్నది తన పట్టుదల. 2022లో నోటిఫికేషన్ పడేనాటికి పెళ్లయింది, అత్తగారింట్లో కొత్త కోడలు, ఫారం నింపనియ్యలేదు. ఇప్పుడు పాపకు ఏడాదిన్నర. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో సర్కారుకే ఎరుక. సర్కారుకైనా ఎరుకో లేదో. పడినరోజు మొదలుపెడితే కాళ్లు మాట వినవని తెలిసి ఇప్పుడే మొదలుపెట్టింది. నాలుగేళ్లయిందట ఉరకక.

గ్రౌండుకు ఎందుకు పోవట్లేదని అడగకండి. నేను అడిగి తిట్టించుకున్నా. అత్తమ్మ పాపను పట్టుకునేది మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటి దాకా. ఆ ఎండలో గ్రౌండులో ఎవరు ఉరుకుతారు? పొద్దున గ్రౌండంతా మగపిల్లలే. జిమ్ములో పగటిపూట లేడీస్ బ్యాచ్ ఉంది, ఫ్యాన్ ఉంది, నెలకు 800. అందుకని ట్రెడ్‌మిల్.

అక్కడే రెండు వర్గాలున్నాయి. ఒక వర్గం "ఎత్తు పెట్టి ఉరికితే తొందరగా కరుగుతవు" అంటుంది. ఇంకో వర్గం "ఎత్తు పెడితే మోకాళ్లు పోతయి, చదునే మంచిది" అంటుంది. మధ్యలో ఈ పిల్ల పిక్క పట్టుకుని నిలబడింది.

ఆ రాత్రి ఒక్క లైనులో జవాబు పెట్టొచ్చు. కానీ ఈ ప్రశ్నకు నా దగ్గర ఒక్క లైను జవాబు లేదు. నా మడమ చెప్పే కథ ఉంది. అది చెప్పాకే జవాబు.

రెండేళ్ల కింద బాగ్‌లింగంపల్లిలో ఒక సభకు పోయి మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగిపోయాను. ఫోన్ వచ్చినట్టు నటించాను. చెవికి ఫోన్ పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తలూపుతూ ఊపిరి తీసుకున్నాను. మీలో చాలామంది ఈ నటన చేసి ఉంటారు. మన సభల్లో మెట్ల మలుపుల దగ్గర ఇంతమందికి ఒకేసారి ఫోన్లు ఎందుకొస్తాయో ఇప్పుడు నాకు తెలుసు. అప్పటికి నాకు 42 ఏళ్లు, 81 కిలోలు. బీపీ ఉందో లేదో ఎన్నడూ చూపించుకోలేదు.

మా తోటి కార్యకర్త ఒకాయన అంతకు ముందు ఏడాదే 49 ఏళ్లకు పోయాడు. పొద్దున ఛాతీ పట్టేసినట్టుందన్నాడు, గ్యాస్ అనుకున్నాడు, సోడా తాగాడు, సాయంత్రం ధర్నాకు బయల్దేరాడు. అంతే. బాబాసాహెబ్‌కు కూడా 1948 నుంచీ షుగర్ ఉంది, కాళ్ల నరాల నొప్పులు ఉన్నాయి, 65 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆయన రాసిందంతా చదువుతాం. ఆయన ఒంట్లో ఏముందో చదవం.

సరే, డాక్టర్ దగ్గరికి పోతే టీఎంటీ రాసింది. ట్రెడ్‌మిల్ నేను జీవితంలో మొదటిసారి ఎక్కింది అక్కడే. ఒంటినిండా వైర్లు అంటించారు, చున్నీ తీసి కుర్చీ మీద పెట్టమన్నారు. బెల్టు మెల్లగా కదిలింది. "ఇంత మెల్లగానా, ఇది పెద్ద లెక్కనా" అనుకున్నా. రెండు నిమిషాలకు తొడలు బరువెక్కాయి. అప్పుడు చూశాను, నా ముందు భాగం పైకి లేచి ఉంది. నేను నడుస్తున్నది గుట్ట మీద.

ఆ పరీక్ష పద్ధతి 1963లో రాబర్ట్ బ్రూస్ అనే అమెరికా గుండె డాక్టర్ పెట్టిన లెక్క. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్లు, అంటే ముసలమ్మ నడక. కానీ 10 శాతం ఎత్తు మీద. తర్వాతి మూడు నిమిషాలు 4 కిలోమీటర్లు, 12 శాతం ఎత్తు. ఆ తర్వాత ఇంకా వేగం, ఇంకా ఎత్తు. గుండెను కష్టపెట్టి చూడాలంటే మనిషిని ఉరికించనక్కర్లేదు, ఎక్కిస్తే చాలని ఆ డాక్టర్‌కు తెలుసు. వయసు మళ్లినోళ్లు, గుండె నొప్పి వచ్చినోళ్లు ఉరకలేరు కదా. వాళ్లను నడిపిస్తూనే గుండె ఎంత వరకు తట్టుకుంటుందో చూడొచ్చు.

నేను ఐదో నిమిషంలో చేయెత్తి ఆపమన్నాను. డాక్టరమ్మ కాగితం చూసి "గుండె బానే ఉందమ్మా, మనిషే బాలేదు" అంది. బీపీ గోళీ రాసింది, రోజూ నడవమంది.

అట్ల చేరాను మా బస్తీ జిమ్ములో. కింద మొబైల్ షాపు, పైన జిమ్ము, నెలకు 1,200. సభలూ సమావేశాలూ అయి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది, అప్పుడు బస్తీలో నడవడానికి కుక్కలకు తప్ప ఎవరికీ చోటు లేదు. జిమ్ము పది దాకా తెరిచి ఉంటుంది. మొదటి వారం సిగ్గుతో చచ్చాను. మా అమ్మ నాట్లేసిన ఒళ్లు, నాయిన బస్తాలు మోసిన ఒళ్లు, వాళ్ల కూతురు పైసలిచ్చి ఎక్కడికీ పోని రోడ్డు మీద నడుస్తోంది. అమ్మకు చెప్తే నవ్వింది. "పైసలు వాళ్లియ్యాలె గద బిడ్డా" అంది.

ట్రైనర్ తమ్ముడు మంచోడు. మొదటిరోజే "మేడమ్, ఇంక్లైన్ ఎప్పుడూ ఒకటి మీద ఉంచండి, బయట గాలి ఉంటది కదా, దానికి బదులు" అన్నాడు. ఇది అన్ని జిమ్ముల్లో చెప్పే మాటే. దీని మూలం 1996లో బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం. బయట ఉరికేటప్పుడు గాలిని చీల్చుకుంటూ పోవాలి, బెల్టు మీద ఆ గాలి లేదు, ఆ తేడా పూడ్చడానికి 1 శాతం ఎత్తు సరిపోతుందని తేల్చారు. కానీ వాళ్లు పరీక్షించింది గంటకు పది కిలోమీటర్ల పైన ఉరికే అలవాటున్న వాళ్లను. నాలాగా 6 మీద ఆయాసపడే మనిషికి ఎదురుగాలి ఎక్కడిది? ఆ 1 శాతం పెట్టినా నష్టం లేదు, పెట్టకపోయినా పాపం లేదు. దాని గురించి వాదించుకోవడం మానేయండి.

అసలు గొడవ అక్కడ కాదు, ఆరో వారంలో మొదలైంది.

ఆరు వారాలకు నా ఊపిరి తిరిగొచ్చింది. నిజంగా తిరిగొచ్చింది. మెట్ల మీద ఫోన్ మాట్లాడే నటన అవసరం లేకుండా పోయింది. దాంతో నాకు ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. మా సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో 800 మీటర్లు ఉరికితే నేనే ఫస్టు, అదీ ఉత్తకాళ్లతో. పక్క మెషీన్ మీద ఇరవై రెండేళ్ల పిల్ల 6 శాతం ఎత్తు పెట్టి ఉరుకుతోంది. నేనూ పెట్టాను. 7 వేగం, 6 ఎత్తు. పది నిమిషాలు ఉరికాను. గుండె తట్టుకుంది, ఊపిరి తట్టుకుంది. వరసగా నాలుగు రోజులు ఉరికాను. ఐదో రోజు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ వెనక కత్తి గుచ్చినట్టయింది.

రెండు నెలలు కుంటాను. ఇందిరా పార్కు దగ్గర ధర్నాకు కుంటుతూనే పోతే "అక్కా, పోలీసులు కొట్టిండ్రా?" అని అడిగారు. జిమ్ములో దెబ్బ తగిలిందని చెప్పడానికి నోరు రాలేదు. అవునూ కాదన్నట్టు తలూపాను. ఇవాళ ఒప్పుకుంటున్నా, మన్నించండి.

ఫిజియోథెరపీ చేసిన అమ్మాయి నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది, అదే మీకు చెప్తున్నా. పిక్క కండను మడమ ఎముకకు కట్టే లావుపాటి పట్టీ ఒకటి ఉంటుంది. మనం నరం అంటాం గానీ అది నరం కాదు, మోకుతాడు లాంటిది. చదును మీద నడిచేటప్పుడు మడమా మునివేళ్లూ ఒకే మట్టంలో ఉంటాయి. ఎత్తు మీద మునివేళ్లు పైన, మడమ కింద. ప్రతి అడుగుకూ ఆ మోకు ఎక్కువ సాగాలి, సాగిన చోటునుంచే ఒంటిని పైకి నెట్టాలి. ఉరికితే అదే పని ఇంకా గట్టిగా, ఇంకా తొందర తొందరగా. గుండె, ఊపిరి, కండ వారాల్లో దారికొస్తాయి. మోకుకు రక్తం తక్కువ అందుతుంది, అది గట్టిపడటానికి నెలలు కావాలి. అంటే మానేసి మళ్లీ మొదలుపెట్టిన మనిషికి ఆరో వారం ఎనిమిదో వారం చాలా ప్రమాదం. ఊపిరి "పోదాం పద" అంటుంది. మడమ ఇంకా మొన్నటి దగ్గరే ఉంటుంది.

అట్లయితే చదునే మంచిదా? అదీ పూర్తి నిజం కాదు. ఉరుకుడులో రెండు కాళ్లూ గాల్లో ఉండే క్షణం ఒకటుంటుంది. అక్కణ్నుంచి ఒంటి కాలు మీద దిగుతాం. దిగినప్పుడు కాలు మీద పడే బలం మన బరువుకు రెండు మూడు రెట్లు. నా 81 కిలోలకు లెక్కేసుకోండి, ప్రతి అడుగుకూ రెండు బస్తాల పైన. నడకలో అది బరువు కంటే కాస్తే ఎక్కువ. అందుకే బరువున్న మనిషి, చాలా ఏళ్ల తర్వాత వచ్చిన మనిషి, చదును మీద ఉరుకుతూ మొదలుపెడితే మోకాలో, కాలి ముందెముకో అలుగుతుంది. ఎత్తు మీద ఉరికితే ఆ దెబ్బ తగ్గే మాట నిజమే, ఎందుకంటే నేల మనకు ఎదురొచ్చి అందుకుంటుంది, మనం పడే దూరం తక్కువ. "ఎత్తు పెడితే మోకాళ్లు పోతాయి" అనే వర్గం ఇక్కడ తప్పు. కానీ మోకాలు మీద తగ్గిన భారం ఎటూ పోదు. పిక్కకు, మడమకు, తొడ వెనక్కి, పిర్రలకు, నడుముకు పంచబడుతుంది.

రెంటికీ మధ్య దారి ఒకటుంది. అది బ్రూస్ డాక్టర్ దారే. ఉరుకుడును చదును మీద ఉంచి, ఎత్తును నడకకు ఇవ్వడం.

దీనికి వ్యాయామ శాస్త్రంలో అందరూ వాడే ఒక సూత్రం ఉంది, వేగం, ఎత్తు ఇస్తే ఒంటికి ఎంత ఆక్సిజన్ కావాలో అంచనా వేస్తుంది. నేను కూర్చుని లెక్క కట్టాను. గంటకు 5 కిలోమీటర్ల నడక, చదును మీద, ఊరికే కూర్చున్న దానికి సుమారు మూడున్నర రెట్ల శ్రమ. అదే నడకకు 5 శాతం ఎత్తు పెడితే ఐదున్నర రెట్లు. 12 శాతం పెడితే ఎనిమిదిన్నర రెట్లు. ఇప్పుడు చదును మీద గంటకు 8 కిలోమీటర్ల ఉరుకుడు లెక్క చూడండి. అదీ ఎనిమిదిన్నర రెట్లే! గుండెకు రెండూ ఒకటే పని. మోకాలుకు మాత్రం ఒకటి నడక, ఒకటి ఉరుకుడు. అంటే గుండె కోసం, బీపీ కోసం, షుగర్ కోసం మళ్లీ మొదలుపెట్టిన మనిషి అసలు ఉరకనక్కర్లేదు. 2 శాతంతో మొదలుపెట్టి, వారానికో రెండు వారాలకో ఒకటి పెంచుకుంటూ నడిస్తే చాలు. నడకలో కూడా మోకు సాగుతుంది కనుక ఒక్కసారే 12కు పోవద్దు. వేగం, ఎత్తు రెండూ ఒకే వారంలో పెంచొద్దు.

ఈ శాతం అంటే డిగ్రీ అనుకుంటారు చాలామంది. కాదు. 10 శాతం అంటే వంద అడుగులు ముందుకు పోతే పది అడుగులు పైకి ఎక్కడం. డిగ్రీల్లో ఆరుకు కూడా రాదు. మా జిమ్ము మెషీన్ పెద్ద ఎత్తు 15 శాతం.

ఆ 15ను మొదటిసారి నొక్కి చూసిన రోజు నాకు మా నాయిన గుర్తొచ్చాడు. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో హమాలీ మా నాయిన. లారీకి బల్ల వేసేవారు. లారీ ఎత్తు నాలుగడుగులు, బల్ల పన్నెండడుగులు. చిన్నప్పుడు సద్ది తీసుకుపోయి ఆ బల్ల పక్కన కూర్చునేదాన్ని కాబట్టి నాకు కొలత తెలుసు. లెక్క వేస్తే 35 శాతం ఎత్తు. దాని మీద 75 కిలోల బస్తా నెత్తిన పెట్టుకుని ఎక్కేవాడు, ఉత్త చేతులతో దిగేవాడు. రోజుకు ఎన్నిసార్లని అడిగితే "లెక్కవెడితే కాళ్లు మోసం జేస్తయి" అనేవాడు. ఆయనకు ఏ ట్రైనరూ చెప్పలేదు గానీ ఎక్కేటప్పుడు పాదం మొత్తం ఆనించి, పొట్టి పొట్టి అడుగులతో, నడుము దగ్గర కాదు, మొత్తం ఒంటినే కాస్త ముందుకు వంచి ఎక్కేవాడు. నా ఫిజియో అమ్మాయి నాకు నేర్పించిందీ అదే నడక.

ఇంకో మాట కూడా అనేవాడు. "ఎక్కుడు నన్నేం జెయ్యలే బిడ్డా, దిగుడే నా మోకాళ్లు దిన్నది." 52 ఏళ్లకు బల్ల ఎక్కలేక మానేశాడు. ఆ మాట నాకు మొన్న భువనగిరి గుట్ట మీద అర్థమైంది. స్టడీ సర్కిల్ పిల్లలతో పోయాం. ఆ బండ మీద సాధన చేసి మన గురుకులాల పిల్లలు పూర్ణ, ఆనంద్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు, ఆ చోటు చూపిద్దామని. జిమ్ములో 8 శాతం మీద అరగంట నడిచే మనిషిని కదా, పిల్లలకంటే ముందు ఎక్కాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. దిగేటప్పుడు తొడలు వణికాయి, మోకాళ్లు నా మాట వినలేదు, మూడు రోజులు మరుగుదొడ్డిలో కూర్చోలేకపోయాను. ట్రెడ్‌మిల్ ఎక్కిస్తుంది, ఎన్నడూ దించదు. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువును ఆపాలి, ఆ పని మెషీన్ మీద జరగనే జరగదు. మెషీన్ మీద ఎంత ఎక్కినా గుట్టకు సిద్ధమైనట్టు కాదు. ఇప్పుడు నేను మా అపార్ట్‌మెంట్ మెట్లు రోజూ రెండుసార్లు మెల్లగా దిగుతున్నా, లిఫ్ట్ ఎక్కి మరీ. వాచ్‌మన్ తాత విచిత్రంగా చూస్తాడు.

ఒక పక్క ముచ్చట. ఈ ట్రెడ్‌మిల్ మొదట పుట్టింది జైల్లో. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఖైదీల కోసం పెద్ద చక్రం చేశాడు, దానికి మెట్లు. ఖైదీ మెట్టు మీద కాలు వేస్తే అది కిందికి పోతుంది, పై మెట్టు ఎక్కాలి, అదీ పోతుంది. గంటలు గంటలు ఎక్కడమే, చేరేదేమీ లేదు. 1898 జైళ్ల చట్టంతో గానీ బ్రిటన్‌లో అది ఆగలేదు. దాని మీద చదును అనేదే లేదు, అంతా ఎత్తే. ఎవరన్నా "15 పెట్టుకుని చావు, అప్పుడే కరుగుతవు" అంటే నాకు ఆ చక్రమే గుర్తొస్తుంది.

మళ్లీ చెల్లె దగ్గరికి. నా కథ నా గుండె కోసం. తనది వేరే. తనకు గుండె లెక్క కాదు, గడియారం లెక్క. 2022 నోటిఫికేషన్ ప్రకారం ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. అంటే గంటకు 9 కిలోమీటర్ల వేగం. (మగపిల్లలకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. 13 పైన పడుతుంది. తమ్ముళ్లూ, మీరూ లెక్క కట్టుకోండి.) ఆ ఉరుకుడు చదును గ్రౌండు మీద. ఏ పనికి పోతున్నామో ఆ పనే ఒంటికి నేర్పాలి. ఎత్తు మీద ఉరికితే 5 శాతానికే శ్రమ ఐదో వంతు పెరుగుతుంది. ఊపిరి చాలక వేగం తగ్గించుకుంటారు, పొట్టి అడుగులు అలవాటవుతాయి. చివరికి 9 వేగం అంటే ఎట్లుంటదో కాళ్లకు తెలియదు.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "ఎంత ఎత్తు పెడుతున్నవు?" అంటే "8 అక్కా, రోజూ, 7 స్పీడు" అంది. చేతులు? "ముందర రాడ్ పట్టుకుంట." ముందు రాడ్ వదిలేయమన్నా. రాడ్ పట్టుకుని వెనక్కి వాలితే ఎత్తు పెట్టీ పెట్టనట్టే, అవసరం అనిపించిందంటే ఎత్తు ఎక్కువైందని అర్థం. పొద్దున మొదటి అడుగుకు మడమ వెనక నొప్పి ఉందా అని అడిగా. ఉందంది. అయితే ఆ నొప్పి పోయేదాకా ఎత్తు బంద్, నడకకు కూడా. ఇంట్లో గోడ పట్టుకుని చదును నేల మీద మునివేళ్ల మీద లేచి, మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగడం, పదిహేను సార్లు, రోజుకు రెండు విడతలు. ఉరుకుడు చదును మీద, ఒక నిమిషం ఉరికి రెండు నిమిషాలు నడవడం, అట్ల ఆరేడు సార్లు, రోజు విడిచి రోజు. ఉరికే నిమిషంలో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. నొప్పి పోయాక వారంలో ఒక్కరోజు ఎత్తు మీద నడక. ఒక్కరోజే, ఊపిరి కోసం. చివరి రెండు నెలలు ఎట్లన్నా చేసి గ్రౌండు. బెల్టు మనల్ని ఒకే వేగంలో లాక్కుపోతుంది, గ్రౌండులో వేగం మనమే పట్టుకోవాలి, మలుపులు మనమే తిరగాలి. ఆదివారం పొద్దున తమ్ముణ్ని తోడు తీసుకుపొమ్మన్నా.

మాట్లాడటం అన్నాను కదా, నాలాగా బీపీ గోళీలు మింగేవాళ్లకు ఇదొకటి. కొన్ని రకాల బీపీ గోళీలు, అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటివి, గుండె వేగాన్ని పెరగనియ్యవు. మెషీన్ మీద నాడి అంకె తక్కువే చూపిస్తుంది, మనం ఇంకా పెంచొచ్చు అనుకుంటాం. అంకెను కాదు, మాటను నమ్ముకోండి. ఛాతీ పట్టేసినా, దవడకో చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా ఆపి ఆస్పత్రికి. ఆడవాళ్లకు ఒక్కోసారి వట్టి ఆయాసం, వికారం, వీపు నొప్పిలాగానే వస్తుంది. సోడా తాగకండి. చున్నీ ఇంట్లో వదిలేసి రండి, బెల్టులో చిక్కితే మనిషిని లాగేస్తుంది. ఎర్ర తాడు క్లిప్పు బట్టలకు పెట్టుకోండి, పడితే మెషీన్ అదే ఆగుతుంది.

ఫోన్ పెట్టేస్తాననుకుంటే చెల్లె ఆగింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "అక్కా ఇంకొకటి. ఉరికితే… ఆగట్లేదక్కా. బట్టలు తడుస్తున్నయి. ఎత్తు పెడితే జర తక్కువ. అందుకే ఎత్తు పెడుతున్న" అంది.

అదీ సంగతి. అరగంట నుంచి నేను మడమల గురించి ఉపన్యాసం ఇస్తున్నా, ఆ పిల్ల ఎత్తు పెట్టిన అసలు కారణం ఇది. ట్రైనర్‌కు ఎట్ల చెప్తుంది? అత్తకు ఎట్ల చెప్తుంది? ఎవరికీ చెప్పక తన ఒంటితో తనే కనిపెట్టుకున్న ఉపాయం. తప్పు ఉపాయం కూడా కాదు, ఎత్తు మీద అడుగు మెత్తగా పడుతుంది, కింది కండరాల మీద దెబ్బ తగ్గుతుంది. పిక్క మాత్రం దాని ఖర్చు కడుతోంది.

కాన్పు తర్వాత ఇది చాలామందికి ఉంటుంది. ఉరికినా, తుమ్మినా, దుంకినా. కటి కింద ఊయలలాగా మూత్రసంచిని పట్టుకునే కండరాలు కాన్పులో సాగిపోతాయి. వాటికీ వ్యాయామం ఉంది. మూత్రం ఆపుకున్నట్టు, గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి పైకి బిగించి, కొన్ని సెకన్లు పట్టి, పూర్తిగా వదలడం. ఊపిరి బిగబట్టకుండా. పదిసార్లు, రోజుకు మూడు పూటలు, మూడు నెలలైనా చేయాలి. పాపకు పాలిస్తూ కూడా చేయొచ్చు. అప్పటికీ తగ్గకపోతే ఆడవాళ్ల డాక్టర్‌ను గానీ, దీనికోసమే చదువుకున్న ఫిజియోను గానీ కలవాలి. ఇది నాకు 44 ఏళ్లొచ్చాక తెలిసింది. అమ్మకు ఎన్నడూ తెలియలేదు, నాట్ల కాలమంతా తడిబట్టల్లోనే కదా ఉండేదని ఆమె ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

చెల్లెను అడిగే రాస్తున్నా ఇది. "పేరు పెట్టకక్కా, ముచ్చట పెట్టు. ఇంకెవరికన్న ఉంటది" అంది. మగ మిత్రులు కామెంట్లలో జోకులు వేస్తే తీసేస్తాను, ముందే చెప్తున్నా.

ఇంతకీ ఎత్తు పూర్తిగా మానేయమని అన్నాను కదా, ఆ మాటను కొంచెం మార్చుకోవాల్సి వచ్చింది. మడమ తగ్గేదాకా చదునే, కానీ నిమిషం కాదు, ముప్పై సెకన్ల ఉరుకుడు. తడిసేదాకా కాదు, తడవకముందే ఆపడం. మడమ తగ్గాక 2 శాతం, అంతకు మించొద్దు. నాలుగైదు వారాలకు ఒకసారి పెంచుదాం. నోటిఫికేషన్ ఎట్లాగూ రేపు పడట్లేదు. దాని ఆలస్యం మనకు ఈ ఒక్కదానికి పనికొచ్చింది.

నిన్న మధ్యాహ్నం మెషీన్ తెర ఫొటో పంపింది. వేగం 6.5. ఎత్తు దగ్గర సున్నా.

"పిక్క?" అని పెట్టా.

"జర నయం."

"ఇంకోటి?"

చాలాసేపటికి వచ్చింది జవాబు. "ముప్పై సెకన్లకైతే ఏం కాలేదక్కా. నలభై కొట్టి చూసిన. పాప లేచిందంట, మళ్ల చేస్త."